టీడీఎస్ అంకె చూసి నీళ్లు మంచివనుకోవచ్చునా?

మీ ఇంటికి నీళ్ల ఫిల్టరు అమ్మే కుర్రాడు ఎప్పుడైనా వచ్చాడా? ఇంకా రాకపోతే ఇవాళో రేపో వస్తాడు. వచ్చి, "అమ్మగారూ, ఒక గ్లాసుడు కుళాయి నీళ్లు ఇవ్వండి" అంటాడు. తన సీసాలోంచి ఇంకో గ్లాసులోకి ఫిల్టరు నీళ్లు వంపుతాడు. పెన్ను లాంటి పరికరం ఒకటి తీసి రెండింట్లోనూ ముంచి చూపిస్తాడు. మీ నీళ్లలో 380 అంకె, అతని నీళ్లలో 30. అది చాలదన్నట్టు రెండేసి కడ్డీలున్న మరో పరికరాన్ని రెండు గ్లాసుల్లోనూ దించి, ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేస్తాడు. కాసేపటికి మీ గ్లాసులో తుప్పు రంగు తెట్టు పొంగుతుంది. అతని గ్లాసు తేటగానే వుంటుంది. "ఇన్నాళ్లూ మీ పిల్లలు తాగుతున్నది ఇదండీ" అంటాడు. ఏ తల్లి గుండె మాత్రం తట్టుకుంటుంది?

ఆ తెట్టు మీ నీళ్లలోనుంచి వచ్చింది కాదు. కడ్డీల్లోంచి వచ్చింది. కడ్డీల్లో ఒకటి ఇనుముది. నీళ్లలో కరిగిన లవణాలు వున్నప్పుడు వాటిగుండా కరెంటు పారుతుంది. డీసీ కరెంటు పారితే ఇనుము కరిగి, తుప్పై, నీళ్లలో తేలుతుంది. ఫిల్టరు నీళ్లలో లవణాలు దాదాపు లేవు కనుక కరెంటు పారదు, కడ్డీ కరగదు, నీళ్లు తేటగా వుంటాయి. నమ్మకం లేకపోతే ఈసారి వచ్చినప్పుడు అతని గ్లాసులో మీరే చిటికెడు ఉప్పు వేసి, మళ్లీ స్విచ్చి వేయమనండి. అతని నీళ్లలోనూ తెట్టు పొంగుతుంది. చాలామంది కుర్రాళ్లు ఆ మాట వినగానే సంచీ సర్దుకుంటారు.

ఇక ఆ పెన్ను సంగతి. అది మోసం కాదు, పనికొచ్చే పరికరమే. కాని అది ఏం కొలుస్తుందో తెలియక చాలా ఇళ్లలో దాని మాటే వేదవాక్కుగా చెల్లిపోతున్నది. "డాక్టరుగారూ, మా నీళ్ల టీడీఎస్ నూటయాభయ్యేనండీ, అయినా మా పాపకి టైఫాయిడ్ ఎందుకొచ్చింది?" అనే ప్రశ్న ఈ రోజుల్లో కొత్త కాదు. అందుకే యీ వారం ఆ అంకె గురించే చెప్పుకుందాం.

పెన్ను చివర రెండు చిన్న లోహపు ముళ్లు వుంటాయి. వాటి మధ్య వున్న నీళ్లగుండా కరెంటు ఎంత సులువుగా పారుతుందో ఆ పరికరం చూస్తుంది. దీన్నే విద్యుద్వాహకత అంటారు. పెన్నులో వాడేది ఏసీ కరెంటు, అంటే క్షణక్షణానికీ దిక్కు మార్చుకునే కరెంటు. అందువల్ల ముళ్లు కరగవు, కొలత చెడదు. (ఇందాక కుర్రాడి కడ్డీలకు డీసీ ఇచ్చింది అవి కరగాలనే!) విద్యుద్వాహకతను మైక్రో సీమెన్సులలో చెబుతారు. దాన్ని సుమారు సగంతోనో, 0.7 దాకానో హెచ్చవేసి, లీటరు నీళ్లలో ఇన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి వున్నాయని పెన్ను మీకు ఒక అంకె చూపిస్తుంది. అదే టీడీఎస్. అంటే పెన్ను లవణాలను తూచలేదు. కరెంటు పారిన తీరు చూసి ఊహించింది.

ఇంట్లో పెన్ను వుంటే చిన్న తమాషా చేసి చూడండి. గ్లాసుడు నీళ్లలో రెండు చెంచాల పంచదార కలిపి ముంచండి. అంకె దాదాపు కదలదు. పంచదార కరిగినా కరెంటును మోయలేదు. అదే గ్లాసులో చిటికెడు ఉప్పు వేయండి, అంకె వందల్లో పైకి లేస్తుంది. కొబ్బరిబోండాం నీళ్లలో ముంచితే వేలల్లో చూపిస్తుంది. విరోచనాలతో సొమ్మసిల్లిన పసివాడికి ప్రాణం పోసే ఓఆర్ఎస్ నీళ్లలోనూ వేలల్లోనే చూపిస్తుంది. పెన్ను మాటే వినేటట్లయితే ఆ పసివాడికి ఓఆర్ఎస్ పట్టకూడదు మరి!

భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటికి 2012లో సవరించిన ప్రమాణంలో టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా వుండవచ్చునని చెప్పింది. వేరే నీటి వసతి లేనిచోట 2,000 దాకా ఒప్పుకుంది. కనుక మీ కుళాయి నీళ్లలో 380 అంటే భయపడవలసిందేమీ లేదు. 500కు దిగువ వున్న నీళ్లకు ఆర్.ఓ. యంత్రం బిగించి, ఒక లీటరు కోసం రెండు మూడు లీటర్లు మోరీలోకి వదిలేయడం డబ్బూ నీళ్లూ రెండూ పారబోసుకోవడమే. ఆ లీటరులో కాల్షియం, మెగ్నీషియం కూడా చాలావరకు పోతాయి. తిండి బాగా తినే వాళ్లకు అది పెద్ద నష్టం కాదు గాని, డబ్బు పెట్టి మరీ పోగొట్టుకోవడం ఎందుకు?

మరి ఈ విద్యుద్వాహకత కొలవడం వల్ల ప్రయోజనమే లేదా అంటే, వుంది. అయితే ఒక్కసారి చూసిన అంకెలో కాదు, రోజు రోజుకీ వచ్చే మార్పులో వుంది. అందుకే నదుల్లోనూ, చెరువుల్లోనూ, పరిశోధన బావుల్లోనూ డేటా లాగర్లు అనే ఎలక్ట్రానిక్ పరికరాలు దించుతారు. లాగర్ అంటే మీ పెన్ను లాంటిదే, కాకపోతే దానికి గడియారం, జ్ఞాపకశక్తి, బ్యాటరీ వుంటాయి. పదిహేను నిమిషాలకోసారి, లేదా గంటకోసారి తనంతట తనే కొలిచి రాసుకుంటుంది. కొన్నింటికి మొబైల్ ఫోనులోలాగే సిమ్ కార్డు వుంటుంది. కొలతను ఎప్పటికప్పుడు ఆఫీసుకు పంపిస్తుంది. వేడిని బట్టి విద్యుద్వాహకత డిగ్రీకి రెండు శాతం దాకా మారుతుంది కనుక, ఉష్ణోగ్రత కూడా చూసి 25 డిగ్రీలకు సరిచేసి రాస్తుంది. మనిషి నెలకోసారి సీసాతో వెళ్లి నీళ్లు పట్టుకొస్తాడు. అర్ధరాత్రి ఎవరో కాలవలోకి వదిలిన మురికి తెల్లారేసరికి దిగువకు వెళ్లిపోతుంది. సీసా పట్టుకెళ్లినవాడికి అది దొరకదు, లాగర్‌కు దొరుకుతుంది.

దీని గొప్పా, దీని లోటూ రెండూ ఒక్కచోటే చూపించిన సంఘటన 2022 ఆగస్టులో ఐరోపాలో జరిగింది. పోలండ్‌కూ జర్మనీకీ సరిహద్దుగా పారే ఓడర్ నదిలో చేపలు కుప్పలుగా చచ్చి తేలాయి. మొత్తం 360 టన్నుల దాకా వుంటాయని అంచనా. ఆ నది ఒడ్డున ఫ్రాంక్‌ఫర్ట్ అనే ఊరు వుంది. మనవాళ్లు విమానం మారే పెద్ద ఫ్రాంక్‌ఫర్ట్ కాదు, అదే పేరుతో తూర్పు సరిహద్దున వున్న చిన్న ఊరు. అక్కడ నీటిని నిరంతరం కొలిచే స్టేషను ఒకటి వుంది. ఆగస్టు మొదటి వారం ముగిసేసరికి అందులో విద్యుద్వాహకత ఒక్కసారిగా పెరిగినట్టు, దానితోపాటు ఆమ్లజనీ, క్షారగుణమూ కూడా పెరిగినట్టు నమోదయింది. నదిలో ఏదో జరిగిందని యంత్రం చెప్పింది. కాని ఏమిటో చెప్పలేకపోయింది. జనం పాదరసం అనుకుని హడలిపోయారు. అది కాదని ప్రయోగశాలలు తేల్చాయి. చివరికి సూక్ష్మదర్శిని కింద చూస్తే ఉప్పునీళ్లలో పెరిగే ఒక రకం విషపు నాచు కనిపించింది. గనులవంటి పరిశ్రమల ఉప్పునీరు నదిలో కలవడం, ఎండలకు నీళ్లు తగ్గిపోవడం వల్ల ఆ నాచు విజృంభించిందని ఐరోపా సంఘం శాస్త్రవేత్తలు 2023లో నివేదిక ఇచ్చారు. లాగర్ కాపలాదారు లాంటిది. దొంగ వచ్చాడని అరుస్తుంది, వాడి పేరు చెప్పలేదు.

మన దగ్గరికి వద్దాం. పటాన్‌చెరు ప్రాంతంలో మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాల్లో లవణాలు విపరీతంగా వుంటాయి. అలాంటి నీళ్లు వాగులో కలిస్తే విద్యుద్వాహకత చూడగానే పట్టుబడతాయి. కాని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించిన పరిశోధన ఒకటి చూడండి. అక్కడ ఫ్యాక్టరీల నీళ్లను శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా వుంది. ఆ మందు బిళ్ల మింగిన రోగి రక్తంలో కూడా అంత వుండదు. వేల మిల్లీగ్రాముల లవణాల పక్కన ఆ 31 ఏ మీటరుకూ కనిపించదు. మందుకు లొంగని సూక్ష్మజీవుల్ని పెంచి పోషించేది ఆ కనిపించని 31.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది మీ కుళాయి సంగతి. 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో మంచినీళ్ల గొట్టాల్లో మురుగు కలిసింది. వాంతులతో, విరోచనాలతో వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. ప్రాణాలు కూడా పోయాయి. అలాంటి రోజున ఇంట్లో టీడీఎస్ పెన్ను వుంటే పట్టిచ్చేదా? లెక్క వేసి చూద్దాం. మామూలు కుళాయి నీళ్ల విద్యుద్వాహకత 400 అనుకోండి. మురుగునీళ్లది 1,500 అనుకోండి. నూరు లీటర్లలో ఒక లీటరు మురుగు కలిస్తే, కలిసిన నీళ్ల విద్యుద్వాహకత 411 అవుతుంది. పెన్ను మీద టీడీఎస్ 200 వున్నది 205, 206 అవుతుంది. దాన్ని ఎవరు పట్టించుకుంటారు? పచ్చి మురుగు ప్రతి వంద మిల్లీలీటర్లలో మలం నుంచి వచ్చే ఇ.కోలై సూక్ష్మజీవులు సాధారణంగా పది లక్షలు, అంతకు పైనే వుంటాయి. నూరింట ఒక వంతు కలిసినా మీ గ్లాసులో ఇరవై వేలు తేలతాయి. తాగేనీళ్లలో వంద మిల్లీలీటర్లకు ఒక్కటి కూడా వుండకూడదు. కామెర్లు తెచ్చే హెపటైటిస్ - ఇ వైరస్సు కూడా ఈ దారినే వస్తుంది. నెలలు నిండుతున్న గర్భిణీకి అది ప్రాణాంతకం కావచ్చు. ఆ వైరస్సుకు పెన్ను మీద అంకె లేదు.

బావులూ బోర్లూ వున్నవారికి ఇంకో మెలిక చెప్పాలి. వాననీళ్లలో లవణాలు బహు తక్కువ. పెద్ద వాన పడిన మర్నాడు మీ బోరులో టీడీఎస్ 900 నుంచి 600కు పడిపోయిందనుకోండి, "నీళ్లు బాగుపడ్డాయి" అని సంబరపడకండి. పైనుంచి వాననీళ్లు నేలపొరల్లో వడకట్టుకోకుండా నేరుగా బోరులోకి దిగుతున్నాయని దాని అర్థం కావచ్చు. వాటితోపాటు పెంటకుప్పల కడుగు, మరుగుదొడ్డి గుంట నీళ్లు కూడా దిగుతాయి. అంకె మంచిదయింది, నీళ్లు చెడ్డవయ్యాయి!

వానతో వచ్చిన ముప్పు ఎంత దూరం పోగలదో కెనడాలోని వాకర్టన్ అనే చిన్న పట్నంలో తెలిసింది. 2000 మే నెలలో భారీ వానలకు పశువుల పేడనీళ్లు ఊరి మంచినీళ్ల బావుల్లో లోతు తక్కువగా వున్న ఒకదానిలోకి దిగాయి. ఐదువేలు కూడా లేని జనాభాలో 2,300 మంది దాకా జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. న్యాయవిచారణ జరిపినవారు ఏం తేల్చారో తెలుసా? నీళ్లలో మిగిలివున్న క్లోరినునూ, మడ్డినీ నిరంతరం కొలిచే మీటర్లు ఆ బావి దగ్గర వుంటే ఆ ఉపద్రవం తప్పేదన్నారు. నీళ్లలోకి చెత్త దిగగానే అది క్లోరినును తినేస్తుంది. క్లోరిను అంకె పడిపోతుంది, గంట మోగుతుంది. మురుగును పట్టివ్వడానికి విద్యుద్వాహకత కంటే క్లోరిను ఎన్నోరెట్లు మంచి సాక్షి.

ఆ పరీక్షకు మీ ఇంట్లో లాగర్ అక్కర్లేదు. చుక్కల మందు, రంగుల పట్టీ వున్న చిన్న క్లోరిన్ కిట్లు దొరుకుతాయి. కుళాయి వచ్చిన వెంటనే పట్టిన నీళ్లలో చుక్కలు వేస్తే పసుపురంగు తేలుతుంది. ఆ రంగును పట్టీతో పోల్చి చూసుకోవాలి. చుక్కలు వేసిన నీళ్లను పారబోయండి, తాగకండి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలి వుండాలి. రంగే తేలలేదంటే ఆ పూట నీళ్లు మరగకాచి తాగండి, మునిసిపాలిటీకి ఫోను చేయండి. మరగకాచడం అంటే గోరువెచ్చన చేయడం కాదు. కళపెళ మరగడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం వుంచాలి. కాచిన గిన్నెలోనే మూతపెట్టి చల్లార్చాలి. ఆర్.ఓ. యంత్రం వున్న ఇళ్లవారు కూడా ఇది గుర్తుంచుకోవాలి. దాని పొర సూక్ష్మజీవుల్ని ఆపుతుంది, నిజమే. కాని దాని తొట్టిలో నిలవవున్న నీళ్లలో క్లోరిను వుండదు. తొట్టి కడగకపోతే, పొర చిరిగితే, మళ్లీ మొదటికే వస్తుంది.

క్లోరిను వేయని బోరు నీళ్లకు ఇంకో పరీక్ష వుంది. 1982లో గ్వాలియర్‌లోని రక్షణశాఖ ప్రయోగశాల శాస్త్రవేత్తలు కనిపెట్టిన చవక సీసా అది. గుర్తుదాకా నీళ్లు నింపి, మూతపెట్టి, గదిలోనే ఒకటి రెండు రోజులు వుంచాలి. నీళ్లు నల్లబడితే మలం కలిసిందని అనుమానించాలి. గంధకం వాసన వేసే కొన్ని బోర్ల నీళ్లు వూరికే నల్లబడతాయి, అది వేరే మాట. జల జీవన్ మిషన్ కింద గ్రామానికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్షలు నేర్పించే ఏర్పాటు జరిగింది. పల్లెల్లో వున్నవారు వాళ్లనే అడగవచ్చు.

టీడీఎస్ పెన్ను ఇప్పటికే కొన్నవారు దాన్ని పారేయకండి. దాన్నే మీ ఇంటి లాగర్‌గా వాడుకోండి. వారానికి ఒకే రోజున, ఒకే వేళకు, ఒకే కుళాయి దగ్గర కొలిచి, పాలలెక్క రాసే నోటుపుస్తకంలోనే ఒక పక్కన రాయండి. ముళ్లను ముందూ తర్వాతా మంచినీళ్లతో కడగండి. నెలలు గడిచేకొద్దీ మీ నీళ్ల మామూలు అంకె ఏదో తెలుస్తుంది. అది పైకి గాని, కిందికి గాని గబుక్కున జరిగితే, "ఎందుకు?" అని అడగండి. సముద్రతీరానికి దగ్గర్లో బోరు వున్నవారికి అంకె ఏటికేడు ఎక్కుతూ పోతుంటే ఉప్పునీరు పైకి చొరబడుతున్నదేమో చూడాలి. రక్తపోటు వున్న పెద్దలు ఇంట్లో వుంటే సోడియం పరీక్ష కూడా చేయించాలి. మరుగుదొడ్డి గుంట పక్కన బోరు వుండి అంకె పెరుగుతుంటే నైట్రేటు పరీక్ష తప్పదు. లీటరుకు 45 మిల్లీగ్రాములు మించిన నైట్రేటు నీళ్లతో పాలు కలిపి పడితే నెలల పసికందు ఒళ్లు నీలంగా మారి ప్రాణం మీదికి రావచ్చు. ఆ నీళ్లను మరగకాస్తే నైట్రేటు తగ్గదు, ఆవిరి పోయినకొద్దీ చిక్కబడుతుంది.

ఫ్లోరైడు సంగతి కూడా అంతే. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల్లో, అవి నెల్లూరు జిల్లాలో వున్న రోజుల్లో, ఫ్లోరైడు జబ్బును డాక్టర్లు 1937లోనే గుర్తించి రాశారు. నల్లగొండ కథ అందరికీ తెలిసిందే. ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము వుంటే ఫరవాలేదు, 1.5 దాటకూడదు. అది 1 నుంచి 4కు పెరిగినా, దానికి తోడుగా వచ్చే సోడియం కూడా కలిపి, టీడీఎస్‌లో తేడా పది మిల్లీగ్రాముల లోపే. పళ్ల మీద పసుపు గీతలు, వంగిన కాళ్లు ఆ పదిలో దాక్కుని వుంటాయి. అటువంటి ఊళ్లలో ఆర్.ఓ. యంత్రం నిజంగానే మేలు చేస్తుంది, నేను కాదనను. కాని కొనేముందు ఫ్లోరైడు పరీక్ష చేయించండి, బిగించాక బయటికి వచ్చే నీళ్లకూ చేయించండి.

పరీక్షకు నీళ్లు పట్టుకెళ్లేటప్పుడు రసాయనాల కోసమయితే శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసా చాలు. ఆ నీళ్లతోనే రెండుమూడుసార్లు తొలిచి నింపండి. సూక్ష్మజీవుల పరీక్షకు మాత్రం ఇంట్లో సీసా పనికిరాదు. ప్రయోగశాలవారిని అడిగితే స్టెరిలైజు చేసిన సీసా ఇస్తారు. దాన్ని తొలవకూడదు, మూత లోపలివైపు వేలు తగలకూడదు. కుళాయిని రెండు నిమిషాలు వదిలేసి పట్టి, ఐసుముక్కల మధ్య పెట్టుకుని, ఆరుగంటల లోపల అందించండి. రేపు ఇద్దాంలే అని రాత్రంతా వంటింట్లో వుంచేశారంటే, ఆ సీసా పారబోసి మళ్లీ పట్టుకోవలసిందే.